జయపాల్ జేబులో రోబో తల

మా ఆయన జయపాల్‌ని ఒక్కచోట కుదురుగా కూర్చోబెట్టడం ఆ దేవుడి వల్ల కూడా కాదు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈయన బయట చెప్పులు వెతుక్కుంటుంటాడు. మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ మిషన్ దగ్గర పని. సాయంత్రం ఒళ్లంతా రాతిపొడితో వచ్చి, దగ్గుతూనే వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాడు. మా అమ్మాయి ఆరాధన మాత్రం ఇలా బతకకూడదని ఆయన పట్టు. పదో తరగతి అవగానే తీసుకెళ్లి గుంటూరు బ్రాడీపేటలో ఒక కాలేజీ హాస్టల్లో పడేశాడు.

మొదటి వారం నుంచే పిల్లకి ఏడుపు. ఫోన్ చేస్తే మాటల్లేవు, ముక్కు ఎగబీల్చడమే.

దానికి చిన్నప్పట్నుంచి అంతరిక్షం సినిమాల్లో రోబోలంటే పిచ్చి. హాస్టల్ పక్కనే అష్రఫ్ గారి కొట్టులో ఆ బొమ్మలు అమ్ముతారు. ఒక్కో పెట్టెలో ఒక చిన్న బొమ్మ, దాంతోపాటు పెద్ద రోబో తాలూకు ముక్క ఒకటి ఉంటుంది. చెయ్యి వస్తుందో కాలు వస్తుందో విప్పేదాకా తెలీదు. అన్నీ కూడితే జానెడు రోబో తయారవుతుంది. హాస్టల్ పిల్లల్ని బయటికి వదిలే ఔటింగ్ ఆదివారం మా ఆయన మొదటి పెట్టె కొనిచ్చి, "ఇది పూర్తయ్యేదాకా ఓపిక పట్టు తల్లీ. అప్పటికీ ఉండలేనంటే నేనే ఇంటికి తీసుకుపోతా" అని మాటిచ్చాడు. ఈలోపు అలవాటు పడుతుందిలే అని ఆయన ధీమా.

ఎక్కడ పడింది అలవాటు? వెళ్లినప్పుడల్లా ఒక పెట్టె. కొత్త ముక్క వస్తే దాని మొహం వెలిగిపోయేది, వచ్చిందే మళ్లీ వస్తే బావురుమనేది. చివరికి తల ఒక్కటే మిగిలింది.

అప్పట్నుంచి మా ఆయన మరీ కాలు కాలిన పిల్లిలా తయారయ్యాడు. ఎందుకా అనుకున్నాను. ఒకరోజు చొక్కా ఉతకబోతే జేబులో రోబో తల. పిల్ల చేతికి చిక్కకుండా ముందే ఒక్కడూ గుంటూరు వెళ్లి, కొట్టులో మిగిలిన పెట్టెలన్నీ కొనేశాడట.

"ఏమయ్యా, నీకు మనసనేది ఉందా?" అని కడిగేశాను.

"ఇస్తే వచ్చేస్తుందే. వచ్చి ఏం చేస్తుంది? నాలాగా రాతిపొడి మింగుతుందా?" అన్నాడు.

ఆ తలని మళ్లీ ఆయన చేతిలోనే పెట్టేశాను. ఆయనకి మాత్రం ఆ తల ఎక్కడ దాచాలో తోచలేదు. బియ్యం డబ్బాలో పెట్టాడు, తీశాడు, బీరువాలో పెట్టాడు, మళ్లీ జేబులోకే వచ్చింది.

పోయిన ఔటింగ్‌కి వెళ్లాం. కొట్టుకి వెళ్దామని పిల్ల అడగలేదు. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి రోబోని తెచ్చి బల్ల మీద నిలబెట్టింది. తల ఉండాల్సిన చోట పెన్ను మూత గుచ్చింది.

"నిలబడింది చూడు నాన్నా. తల దొరకలేదు గానీ, పూర్తయినట్టే కదా? పద, ఇంటికి పోదాం."

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ఆఖరికి ఆ తల తీసి దాని అరచేతిలో ఉంచాడు. పిల్ల సంతోషపడుతుందనుకున్నాను. అది తలని అటూ ఇటూ తిప్పి చూసి, నాన్న వంక చూసింది.

"ఎప్పట్నుంచి ఉంది నాన్నా ఇది నీ దగ్గర?"

ఆయన వంగి బల్ల కింద చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నేను లేచి, దాని బట్టలు సర్దడానికి గదిలోకి వెళ్లాను.