నాలుగో చక్రానికి పెట్టిన బొట్టు

మొన్నీమధ్య ఒక ఆదివారం మా మనవరాలు టీవీ ముందు కూర్చుని, తాతా, నీ కార్లొచ్చాయి చూడు అని పిలిచింది. పైన కప్పు లేకుండా, చక్రాలు నాలుగూ ఒంటికి అంటకుండా బయటికి చాచుకుని పరుగెత్తే ఆ బండ్లను సైదాబాద్‌లోని మా ఇంటి హాల్లో మోకాళ్ళు రుద్దుకుంటూ చూస్తున్నాను. ఒక బండి పక్కకొచ్చి ఆగింది, పదిమంది దాని మీద పడ్డారు, నేను కళ్ళజోడు సర్దుకునేలోగా చక్రాలన్నీ మార్చి పంపేశారు. ఏ చక్రం సరిగా బిగిసిందో లేదో కంప్యూటరే చెప్పేస్తుందట. పిల్ల ఆ మాట సంబరంగానే చెప్పింది గానీ నేను మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇటువైపు కార్ల పందెం అంటే ఒకప్పుడు మద్రాసే. ఊరి బయట, యుద్ధకాలంలో విమానాల కోసం వేసి వదిలేసిన ఒక రన్‌వే మీద, ఏటా చలి వెనకపట్టే రోజుల్లో ఆ పందెం జరిగేది. మొదట్లో అది జమీందార్ల ఆట, మిల్లు యజమానుల ఆట. బండి ఓడ మీద వచ్చేది, దాన్ని విప్పే పానాలూ ఓడ మీదే వచ్చేవి. తరవాత దిగుమతులు కష్టమై, టాక్సీలకు వాడే చిన్న ఇంజన్లు తీసి, ఇనుప గొట్టాలు అతికి, ఎవరి షెడ్డులో వాళ్ళు బండి కట్టుకోవడం మొదలైంది. అలా ఆ పందెం దొరల చేతుల్లోంచి మాలాంటి మెకానిక్కుల చేతుల్లోకి దిగింది. గడ్డిమోపులే గోడలు, పాత టైర్లే కాపలా, జనమంతా ఎండలో నిలబడి చూసేవారు. ఇంజన్లో పోసిన ఆముదం కాలుతూ వచ్చే వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

మా షెడ్డు ఫలక్‌నుమాలో, రైలు పట్టాలకు ఇవతల. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. అప్పటికే అరవై దాటిన మనిషి, నమాజుకు తప్ప ఇంజను మీంచి తలెత్తేవాడు కాదు. నేను ఆయన దగ్గర ఫిట్టర్ని, ఇరవయ్యారేళ్ళవాణ్ణి, పెళ్ళి కుదిరి ఉంది. బండి ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ చేసే కుటుంబంలోని చిన్న సేటుది. అన్నగారు దుకాణంలో కందిపప్పు బేరాలు చూసుకుంటుంటే ఈయన మా షెడ్డులో గొట్టాల మధ్య బోర్లా పడి ఉండేవాడు. ఏటా వాళ్ళ పప్పుల లారీలోనే బండిని మద్రాసు తీసుకెళ్ళేవాళ్ళం. వాళ్ళమ్మగారు దుకాణం ముందే దానికి పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి పంపేది.

ఉస్తాద్‌కు ఒక పద్ధతి ఉండేది. చక్రాల నట్లు చివరిసారిగా ఎవరు బిగిస్తే వాళ్ళే, ఆయన పాన్‌దాన్‌లోంచి వేలితో ఇంత సున్నం తీసుకుని, నట్టు మీంచి చక్రం మీదికి సన్నని గీత గీయాలి. గీత ఉంటే బిగిసినట్టు, విరిగితే నట్టు కదిలినట్టు, లేకపోతే దాన్ని ఎవరూ బిగించనట్టు. నోటిమాట ఎంత గట్టిగా చెప్పినా చెల్లేది కాదు, మా షెడ్డులో ఒట్టు కంటే ఆ గీతకే విలువ.

ఆ ఏడాది అమ్మగారు ఇంటి దగ్గర పూజ చేసి ఊరుకోలేదు. ఏదో పీడకల వచ్చిందని తానే రైలెక్కి మద్రాసు వచ్చింది. పందెం రోజు పొద్దున వెనక ఎడమ చక్రాన్ని బ్రేకు కోసం విప్పాం. మళ్ళీ ఎక్కించి, నట్లు చేత్తో తిప్పి వదిలి, జాకీ దించాక పానాతో బిగించమని నాకు చెప్పి, ఉస్తాద్ కాగితాల పని మీద ఆఫీసర్ల దగ్గరికి వెళ్ళాడు. నేను జాకీ దించాను. అంతలో పెట్రోలు పైపు కారుతోందని చిన్న సేటు కేక వేస్తే అటు పరుగెత్తాను. ఆ సందులో అమ్మగారు పళ్ళెం పట్టుకొచ్చి, నాలుగు చక్రాలకూ, ఒక్క నట్టు కూడా వదలకుండా, పసుపు రాసి కుంకుమ పెట్టింది.

సున్నం మీద పసుపు పడితే ఎర్రబడుతుందని చెప్పాలా మనకు? ఆ తెలివే నన్ను ముంచింది. మిగతా మూడు చక్రాల గీతలు అలాగే ఎర్రబడ్డాయి. నాలుగోదాని మీద ఉన్న ఎరుపు ఉత్త కుంకుమది. నేను తిరిగొచ్చి చూస్తే నాలుగూ ఎర్రగానే ఉన్నాయి. బిగించి గీత పెట్టే ఉంటాను, పైపు గొడవలో మరిచిపోయాను అనుకున్నాను. అయినా మనసొప్పక పానా తీసుకుని వంగాను కూడా. కానీ అమ్మగారు కొబ్బరిచిప్ప చేత పట్టుకుని నన్నే చూస్తూ నిలబడి ఉంది. కొడుకు క్షేమం కోసం అంత దూరం వచ్చి ఆమె పెట్టిన బొట్టును, ఆమె కళ్ళ ముందే ఇనుప పానాతో చెరపడానికి నాకు చెయ్యి రాలేదు.

ఐదో చుట్టులో చక్రం ఒక్కటే ముందు వచ్చింది. దాని వెనకాల బండి గడ్డిమోపులను గుద్దుకుని రెండు పల్టీలు కొట్టింది. చిన్న సేటు బతికాడు. కుడికాలు మోకాలి దగ్గర నుజ్జయింది, ఆ తరవాత అది ఎన్నడూ మడత పడలేదు.

ఆఫీసర్లు వచ్చి ఆ చక్రం బిగించిందెవరని అడిగారు. నేను తల వంచుకుని చేతిలోని పానా వంకే చూస్తున్నాను. ఉస్తాద్ నా వంక ఒక్కసారి చూసి, నన్ను దాటుకుని ముందుకెళ్ళి, అది తానే బిగించానని, తప్పు తనదేనని వాళ్ళతో చెప్పాడు.

ఆస్పత్రి వరండాలో ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు.

"చూడు బేటా, తన బొట్టుతోనే గిట్లైందని ఎర్కైతే గా తల్లి మళ్ళ దేవునికి దీపం పెడ్తదా? నాదేముంది, ముసలోణ్ణి. ఆమె బతికున్నన్ని దినాలు నువ్వు నోరు తెర్వకు."

నేను తెరవలేదు. అమ్మగారి కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను, అందులో సగమే నిజం. ఉస్తాద్ చెయ్యి తప్పుతోందన్న మాట మద్రాసు నుంచి మాకంటే ముందే ఊరు చేరింది. ఏడాది తిరక్కుండా షెడ్డు మూతపడింది. అంతటి ఉస్తాద్ స్టేషన్ దారిలో స్టవ్వులు బాగుచేసుకుంటూ బతికాడు. నాకు బస్సు డిపోలో ఉద్యోగం దొరికింది, పెళ్ళీ అయింది. పండక్కి వెళితే ఆయన సేమ్యా పెట్టి పంపేవాడు గానీ, ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు.

కొన్నేళ్ళకు అమ్మగారు పోయింది. నా నోటికి ఇక అడ్డేమీ లేదు. అయినా ఇవాళ కాదు రేపని గడిపేశాను. ఇంకో రెండేళ్ళకు ఉస్తాద్ కూడా పోయాడు. ఆయన్ను మట్టిలో పెట్టి అందరూ వెళ్ళాక, చిన్న సేటు చేతికర్ర ఊనుకుంటూ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"గాయన చెయ్యి తప్పింది గనీ, మనసు మాత్రం బంగారమే. కాదా?" అన్నాడు.

నేను అవునన్నాను.

ఇప్పుడు ఆ రన్‌వే మీద పందేలు లేవు. వాటికి పద్ధతైన ట్రాకులొచ్చాయి, మా ఫలక్‌నుమా షెడ్డు ఉన్నచోట మూడంతస్తుల ఇల్లు లేచింది, చిన్న సేటు పోయి కూడా ఆరేళ్ళయింది. ఏ నట్టు ఎవరు ఎప్పుడు బిగించారో మిషన్లే రాసిపెట్టుకునే కాలంలో ఒకరి తప్పును ఇంకొకరు నెత్తిన వేసుకోవడం కుదరదు, నాలాంటివాడు నోరు మూసుకుని బతికిపోవడమూ కుదరదు. మంచిదే. కానీ అలా నెత్తిన వేసుకున్న ఒక మనిషి నీడలోనే నా ఉద్యోగం, నా సంసారం, ఈ ఇల్లు అన్నీ అమిరాయి. వినాల్సిన వాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి, ఆనాడు సమాధి పక్కన అవునన్న నోటితోనే మీకు చెబుతున్నాను: ఉస్తాద్ చెయ్యి ఏనాడూ తప్పలేదు.