మా గోడ మీది కెనడా సభ్యులు

పెనుకొండలో మా ఇంటికి రెండు వాకిళ్లు. ముందుది బజారులోకి తెరుచుకుంటుంది. వెనకది మా తాత పెట్టించినది. తెల్లవాళ్ల పాలనలో మద్రాసు శాసనసభకు పోటీ చేసి ఓడిపోయిన వారంలోనే ఆయన మేస్త్రీని పిలిపించి, పెరటి గోడ పగలగొట్టించి, తలుపు బిగించాడట. ఆ తరువాత బతికినన్నాళ్లూ బజారు వీధిలో అడుగు పెట్టలేదు. పొలానికైనా రైలుకైనా పెరటి తలుపు తీసుకుని కొండ పక్క దారిన పోయేవాడు. తరువాత నాయన అదే దారి పట్టాడు. నాయన తరువాత నేను. ముందు వాకిలి పెళ్లికీ శవానికీ మాత్రమే తెరిచేవాళ్లం.

భూములు నాయన కాలానికే పోయాయి. మిగిలింది ఇల్లు, పెరటి అరుగు, అరుగు మీద తాత కుర్చీ. ఆ కుర్చీలో ఇంటి పెద్ద ఒక్కడే కూర్చోవాలి. సాటివాళ్లు అరుగు మీద కూర్చుంటారు. మిగిలినవాళ్లు మెట్టు కింద నిలబడతారు. ఎవరి చోటు ఏదో ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఊళ్లో కాలం గడిచేకొద్దీ తాత ఓడిపోయిన సంగతి మాసిపోయి, నిలబడిన సంగతి మాత్రం మిగిలింది. నన్ను "మద్రాసు సభ పెద్దాయన మనవడు" అనేవారు. ఆ మాట దిద్దవలసిన అవసరం నాకు కనిపించలేదు.

నేను హిందూపురం హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ని. రోజూ పాసింజరులో వెళ్లి వచ్చేవాణ్ని. పౌరశాస్త్రంలో ఒక పాఠం ఉండేది: శాసనసభ సభ్యత్వానికి అర్హతలు. ఈ దేశ పౌరుడై ఉండాలి. ఇరవై అయిదేళ్లు నిండి ఉండాలి. పిచ్చివాడు కాకూడదు, దివాలా తీసి ఉండకూడదు. ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పేటప్పుడు వంశం గురించి ఇంకొక్క వాక్యం ఎక్కడైనా ఉందేమోనని పేజీ తిప్పి చూసేవాణ్ని. ఉండేది కాదు.

డెబ్బైల నడుమ, వానలు లేని ఏళ్లలో, బావులు తవ్వించే పని మీద కెనడా నుంచి ఒకాయన వచ్చాడు. మా పెరటి వైపు గదులు రెండూ ఆయనకు అద్దెకిచ్చాం. అమ్మ మాత్రం అద్దె అనే మాట నోట రానిచ్చేది కాదు. "అతిథి ఉన్నాడు" అనేది.

వచ్చిన మొదటి రోజే ఆయన గోడకు ఒక పెద్ద పటం తగిలించాడు. గోధుమరంగు అట్ట మీద వరసలు వరసలుగా కోడిగుడ్డంత ఫొటోలు. ఒక్కొక్క దాంట్లో కోటు వేసుకున్న ఒక దొర. కింద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, ఊరు. నడుమ సభాపతి ఫొటో మాత్రం మామిడికాయంత. అది వాళ్ల రాష్ట్రపు శాసనసభ అట. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో ఎన్నికైన సభ్యులందరూ అందులో ఉన్నారు. కింది వరసలో గుబురు మీసాలున్న ఒకాయనను చూపించి, అంతకుముందే ఈ జిల్లాలో రెండేళ్లు తిరిగినవాడు కాబట్టి మా తెలుగులోనే చెప్పాడు.

"ఈయన మా నాయన."

"ఎస్టేటు ఉండేదా మీకు?"

ఆయన నవ్వాడు. "గోధుమ పొలం. ట్రాక్టరు ఆయనే తోలేవాడు. ఆవుల పాలు ఆయనే పిండేవాడు."

నేను మిగతావాళ్లను గురించి అడిగాను. ఆయన వేలు ఒక్కొక్క గుడ్డు మీదికీ జరిపాడు. ఈయనకు మందుల అంగడి. ఈయన బడిపంతులు. ఈయన రైలింజను నడిపేవాడు. పై వరస అంతా రైతులే. "పెద్ద వంశాలవాళ్లు లేరా?" అన్నాను. ఉన్నారేమో, ఎవరూ అడగలేదు అన్నాడు. ఆ జవాబులో నన్ను చిన్నబుచ్చే ఉద్దేశం ఏమీ లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పాలు పిండుకునే మనిషికి చోటిచ్చిన సభ ఒకటి ఉంది. మా తాతకు చోటివ్వని సభ ఒకటి ఉంది.

"మళ్లీ నిలబడ్డారా మీ నాయన?"

"నిలబడినాడు. ఓడిపోయినాడు."

"తరువాత?"

నేను ఏమి అడుగుతున్నానో ఆయనకు అర్థం కాలేదు. "తరువాత ఏముంది, విత్తనం ఏసినాడు," అన్నాడు.

మూడేళ్లు ఉండి వెళ్లిపోతూ ఆ పటం మాకే ఇచ్చాడు. వాళ్ల అన్న దగ్గర అలాంటిదే ఇంకొకటి ఉందట. గదులు ఖాళీ అయ్యాయి. పటం గోడ మీదే ఉండిపోయింది.

ఒకనాడు ఎర్రమంచి నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. మా పాత పొలం హద్దులు ఎవరికో చెప్పాల్సి వచ్చి నన్ను అడగడానికి వచ్చాడు. పటం ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"మద్రాసు సభ గదా సామీ ఇది. దొరలందరూ సూట్లేసుకోని కూచుండారే. మీ తాత యాడుండాడు ఇందులో?"

నేను నోరు తెరిచి అబద్ధం చెప్పలేదు. నా వేలు పోయి గుబురు మీసాల ఫొటో మీద ఆగింది.

"ఔను సామీ, మీ నాయన ముక్కే," అన్నాడు ముసలాయన.

ఆ వేలును ఆ రోజే వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. ఆ తరువాత వచ్చినవాళ్లు అడగకుండానే మీసాలాయనకు దండం పెట్టేవారు.

ఇక నా ఈడువాడు ఒకడి సంగతి చెప్పాలి. వాడి నాయన మా గొర్రెలు కాసేవాడు. వాడూ నేనూ ఒకే తరగతి. బళ్లో పక్కపక్కన కూర్చున్నా, మా ఇంటికి వస్తే వాడి చోటు మెట్టు కింద. చదువు సగంలో ఆపి ధర్మవరం పోయి, పట్టు దారం అంగట్లో పనికి కుదిరి, పదేళ్లలో తనే దారం అంగడి పెట్టాడు. తరువాత సొంతూరికి సర్పంచి అయ్యాడు. ఆ తరువాత పంచాయతీ సమితి ప్రెసిడెంటు. ఎనభైల మొదట్లో శాసనసభకు నిలబడి గెలిచాడు.

ఊరేగింపు మా వీధినే వచ్చింది. నేను ముందు తలుపు తియ్యకుండా కిటికీలోంచి చూశాను. జీపు మా ఇంటి ముందు ఆగింది. వాడు దిగి, మూసిన తలుపుకు నమస్కారం పెట్టి ఎక్కాడు. వాడి మెడలో దండలు చెవుల దాకా ఉన్నాయి. మరునాడు క్లాసులో అర్హతల పాఠం తీసి, చెప్పలేక మూసేసి, పిల్లలకు పటాలు గీసే పని ఇచ్చాను.

నెల తిరక్కుండా వాడు ఇంటికి వచ్చాడు. అంతవరకు నన్ను "సామీ" అనేవాడు. ఆ రోజు "అన్నా" అన్నాడు. మెట్లెక్కి పైకి వచ్చాడు. కుర్చీలో కూర్చుంటాడేమో, ఏమనాలో అని నేను మాట సిద్ధం చేసుకుంటున్నాను. వాడు కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. అరుగు అంచు మీద కూర్చుని కాళ్లు కిందికి వదిలి ఊపుకున్నాడు. కుర్చీలో నేను ఒక్కణ్నే నిటారుగా కూర్చుని ఉన్నాను.

"సమితి ఆఫీసులో మన తాలూకా నుంచి సభకు నిలబడినోళ్ల ఫొటోలన్నీ వరసగా పెడతాండామన్నా. మొదటిది మీ తాతది. అది నువ్వే ఇయ్యల్ల."

ఆ పటం సమితి ఆఫీసుకు పోతే అక్కడ ఇంగ్లీషు చదివే గుమాస్తాలు నలుగురున్నారు. మీసాల కింద ఏ ఊరు రాసి ఉందో ఒక్కడు చదివినా చాలు.

"ఇంటి గోడ మీది వస్తువు బయటికి పోదు," అన్నాను.

"ఆ పటం కాదన్నా." వాడు గొంతు తగ్గించాడు. "అది తెల్లాయన వాళ్ల నాయనది గదా. మా ఊర్లో బాయి తవ్వేటప్పుడు మా ఇంట్లో సంగటి తింటా చెప్పినాడు. మీసాలుంటాయి, గోధుమలు పండిస్తాడు అని."

"ఎవరికైనా చెప్పావా?" అన్నాను.

"నాకేం పని? ఎర్రమంచి ముసలాయన వచ్చి, మద్రాసు సభలో పెద్దాయనను చూసినా అని చెప్పినాడు. ఔను, నేనూ చూసినా అని చెప్పినా."

నా కోసం వాడు అబద్ధమాడాడు. వాడు ఊరంతా చాటి ఉంటే నేను వాణ్ని హాయిగా ద్వేషించి ఉండేవాణ్ని.

"ఓడిపోయినాయన ఫొటో ఆఫీసులో ఎందుకు?" అన్నాను.

"గెలిచినోళ్లవని యాడన్నానన్నా, నిలబడినోళ్లవి అన్నా గదా. మీ తాత ఓట్లు అడుగుతా మా గొర్రెల దొడ్డి కాడికి వచ్చినాడంట. మా నాయనకు అప్పుడు ఓటు యాడిది? పన్ను కట్టేటోళ్లకే గదా ఓటు. నాకు ఓటు లేదు సామీ అన్నాడంట మా నాయన. వచ్చినప్పుడు ఎయ్యి అన్నాడంట మీ తాత. సచ్చేదాకా చెప్తానే ఉండె. నేను నిలబడినప్పుడు కూడా అదే చెప్పినాడు."

ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. మా నాయన చెప్పలేదు, అమ్మ చెప్పలేదు. మా తాతకు సంబంధించి వెనక వాకిలి ఒక్కటే మా ఇంట్లో మిగిలింది. ఆయన అన్న మంచి మాట గొర్రెల దొడ్డిలో మిగిలింది. వాడు గెలిచిన సీటు కన్నా ఆ మాట వాడి దగ్గర ఉండటమే నన్ను ఎక్కువ కాల్చింది.

"ఫొటో లేదు," అన్నాను. పెట్టెలో పట్టుపంచె కింద ఉంది. చేతికర్ర పట్టుకుని ఇదే కుర్చీలో కూర్చుని తీయించుకున్నది.

వాడు ఒక్క క్షణం నన్ను చూశాడు. "దొరికితే ఇయ్యన్నా. మేకు కొట్టించి పెడతా," అని లేచాడు.

కొట్టించాడు. ఏదో సంతకం కోసం సమితి ఆఫీసుకు వెళ్లినప్పుడు చూశాను. వరసలో మొదటి మేకు ఖాళీ. చివరన వాడి ఫొటో, దండతో.

తరువాతి ఎన్నికల్లో వాడు ఓడిపోయాడు. ఆ వార్త రేడియోలో విన్నప్పుడు ఇంట్లో పండగ అన్నట్టు అమ్మా నేనూ ముద్ద మీద ముద్ద తిన్నాం. ఆదివారం దాకా ఆగలేకపోయాను. సెలవు పెట్టి ధర్మవరం పాసింజరు ఎక్కాను. హిందూపురం వైపు కాకుండా అటు ఎక్కడం చూసి స్టేషనులో టీ అమ్మే ఆయన ఆశ్చర్యపోయాడు. వాడు ఇంట్లో తలుపులు వేసుకుని ఉంటాడని, నేను పోయి పరామర్శించి రావాలని అనుకున్నాను. పరామర్శకు తగిన మాటలు దారి పొడుగునా కూర్చుకున్నాను.

వాడు అంగట్లో ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, పట్టు దారం లడీలు తక్కెట్లో వేస్తున్నాడు. ఎదురుగా ఇద్దరు మగ్గాలవాళ్లు రంగు బాగాలేదని వాడితో పోట్లాడుతున్నారు.

"ఓడిపోయింది నేనప్పా, దారం కాదు. రంగు అట్లే ఉండాది, ఎండలో పెట్టి చూసుకోపో," అంటున్నాడు వాడు. వాళ్లు నవ్వారు. నన్ను చూసి, "రా అన్నా, కూచో. ఏమీ, ఇట్లొచ్చినావు?" అన్నాడు.

నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. "బజార్లో ఎట్లా తిరుగుతాండావు?" అని అడిగేశాను. మా ఇంటి భాష కాదు, వాడి భాషలోనే వచ్చింది.

"ఎట్ల తిరుగుతారన్నా? కాళ్లతోనే," అన్నాడు. తరువాత నా ముఖం చూసి, నవ్వడం ఆపి, టీ తెప్పించాడు.

రైల్లో తిరిగి వస్తుంటే ఆ కెనడా మీసాలాయన విత్తనం వేసిన సంగతి గుర్తుకొచ్చింది. అంతవరకు సీటు గెలిచినవాళ్లను చూసి ఏడ్చాను. ఆ రోజు మొదటిసారి, ఓడిపోవడం చేతనైనవాళ్లను చూసి కుళ్లుకున్నాను. అది ఇంకా చెడ్డ కుళ్లు. గెలుపు మనకూ వస్తుందేమోనని ఆశ పెట్టుకోవచ్చు. ఇది వచ్చేది కాదు, ఉండాలి.

మరునాడు పెట్టె తెరిచి ఫొటో తీశాను. ముందు తలుపు గడియ తుప్పు పట్టి రాలేదు. కొబ్బరినూనె పోసి లాగాను. బజారులో నడిచాను. కిరాణా అంగడి ఆయన తక్కెడ పట్టుకునే చూశాడు గాని ఏమీ అనలేదు. సమితి ఆఫీసులో గుమాస్తా ఫొటో అందుకుని, కింద చీటీ అంటించడానికి కలం తీశాడు.

"ఎవరు సార్ ఈయన?"

"మా తాత."

"ఎప్పుడు గెలిచినారు?"

"గెలవలేదు. ఓడిపోయినాడు."

అతను తలెత్తి నన్ను చూసి, అట్లాగే రాసుకున్నాడు. ఫొటో మొదటి మేకుకు వేలాడింది. వెనక్కి నడిచి చూశాను. చివర ఉన్న వాడి ఫ్రేము మా తాతదాని కన్నా జానెడు పెద్దది. చూపుతో కాదు, జాన వేసి చూశాను. అద్దం కూడా కొత్తది. మా తాత ఫ్రేముకు ఒక మూల చెద పట్టి ఉంది.

బయటికి వచ్చి కొండ పక్క దారిన నడిచి, పెరటి వాకిట్లోంచే ఇంట్లోకి వచ్చాను.