పటాలానికి పోసిన సాక

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది. నాకు తొమ్మిదేళ్లు. బర్మా యుద్ధంలో పోయిన మా మల్లేశన్న శవం ఇంటికి రాలేదు. పోయినవాళ్ల పేరున నేల మీద కల్లు సాక పోయడం మా ఆచారం. ఎక్కడ పోయాలో తెలియక అమ్మ ఏళ్ల తరబడి కుమిలిపోయింది.

సికింద్రాబాదులో యుద్ధంలో చనిపోయినవాళ్లకు తెల్లవారుజామున నివాళి అని కబురొస్తే, కొత్తగూడ నుంచి రాత్రే బండి కట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్లాం. బూర మోగింది. అందరూ తలలు వంచి మౌనంగా నిలబడ్డారు. అమ్మ మాత్రం కొంగు చాటు నుంచి ముంత తీసి, స్మారక రాయి దగ్గరికి నడిచి, "మల్లిగా, తాగు బిడ్డా" అని గట్టిగా పిలుస్తూ కల్లు పోసింది.

నాన్నకు తల కొట్టేసినట్టయింది. మీసాల జమేదారు ఒకాయన గబగబా అమ్మ వైపు వచ్చాడు.

"ఇగ మనల్ని పట్టుకపోతరు" అన్నాడు నాన్న.

జమేదారు బూట్లు విప్పి అమ్మ పక్కన నిలబడ్డాడు. "అమ్మా, మా పటాలపోళ్లు గూడ యుద్ధంలనే పోయిన్రు. వాళ్లకు గూడ జర పొయ్యి" అన్నాడు.

ఆయన ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే అమ్మ పోస్తూనే ఉంది.

తిరుగుదారిలో నాన్న ముంత వంచి చూసి, "చుక్క గూడ మిగిలియ్యలే గదనే" అన్నాడు.

అన్న పోయాక అమ్మ నవ్వగా చూడటం నాకదే మొదలు.

"వానికొక్కనికే అని తెచ్చిన. పటాలమంత తాగిపోయిన్రు" అంది.