అవతలి ఒడ్డు వంతు

చెవుల పరీక్ష చేయడం నా ఉద్యోగం. హైదరాబాదులో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో, బయటి చప్పుడు రాకుండా గోడలకు మెత్తలు కొట్టిన గదిలో కూర్చుంటాను. వచ్చినవాళ్లకు హెడ్‌ఫోన్లు తగిలించి సన్నటి కూతలు ఒక్కొక్కటే వినిపిస్తాను. వినపడగానే వాళ్లు చేతిలోని బటన్ నొక్కాలి. నొక్కితే నా ముందున్న మిషన్ మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది. అంతే పని. సాయంత్రానికి ఆ కూతలు నా తలలో కూడా మోగుతుంటాయి. వాటిని వదిలించుకోవడానికి నాకు దొరికిన మందు జాజ్.

ఆ పిచ్చి చదువుకునే రోజుల్లోనే పట్టుకుంది. ఖమ్మం నుంచి వచ్చి సికింద్రాబాదులో కిరాయికి ఉన్నప్పుడు, కింది వాటాలో రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఉండేవాడు. ఆదివారం పొద్దున పాత రికార్డులు పెట్టుకుని తలుపు బార్లా తీసి ఉంచేవాడు. మొదటి నెల విసుక్కున్నాను. మెట్ల మీద కూర్చుని వినడం ఎప్పుడు అలవాటైందో తెలియదు. ఒక ఆదివారం ఆయనే లోపల కుర్చీ వేశాడు.

అప్పటి నుంచి చలికాలం వస్తే నాకు పండగే. నవంబరు దాటాక నగరంలో శనివారం సాయంత్రాలు ఎక్కడో ఒకచోట జాజ్ వాయించేవాళ్లు దొరుకుతారు. శాలువా కప్పుకుని మెట్రో ఎక్కుతాను. దిగి, ఇరానీ హోటల్లో చాయ్ తాగి, పాత బంగ్లాలో నడిపే ఒక కాఫీ షాపుకు నడుస్తాను. పెరట్లో పాతిక కుర్చీలు, మూలన ఇనుప గంపలో బొగ్గుల సెగ. ఎక్కువసార్లు ఒంటరిగానే వెళ్తాను. మా ఆయన ఒక్కసారి వచ్చాడు. వాళ్లది ఏనాడో కోస్తా నుంచి వచ్చి తల్లాడలో స్థిరపడిన వ్యవసాయ కుటుంబం. పనికిమాలిన పని ఏదైనా ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది. అరగంట ఓపిగ్గా కూర్చుని, నా చెవి దగ్గరికి వంగి, "పాట ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగాడు. మళ్లీ రాలేదు.

జాజ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వంతులు వేసుకుని వాయించడం. ఒకరు నాలుగు ఆవర్తనాల తాళం సేపు వాయించి ఆగిపోతారు. రెండోవారు అంతే సేపు జవాబు చెప్పి ఆగుతారు. మళ్లీ మొదటివారు. రాసుకున్నది ఏమీ ఉండదు. ఎదుటివాడు ఏమన్నాడో వింటేనే తన మాట పుడుతుంది. తాళం దెబ్బ పడాల్సిన చోట పడకుండా రవ్వంత వెనకగా పడుతుంటుంది. ఆ వెనకబాటుకే నా కాలు దానంతట అదే ఊగుతుంది.

రెండేళ్ల కిందట డిసెంబరులో మా ఆసుపత్రి వాళ్లు దుమ్ముగూడెంలో ఉచిత శిబిరం పెట్టారు. నాది ఆ జిల్లాల యాస కాబట్టి నన్ను పంపారు. భద్రాచలంలో బస చేసి, పొద్దున్నే జీపులో గోదావరి పక్కగా వెళ్లాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే, కుడివైపు అడవి ఉందని ఆకుల మీంచి నీళ్లు కారే చప్పుడును బట్టి తెలిసింది తప్ప ఒక్క చెట్టూ కనపడలేదు. ఎదురొచ్చే మనుషులు కూడా దగ్గరికి వచ్చేదాకా లేరు. వచ్చి, దాటి, మళ్లీ లేరు.

పరీక్షకు నిశ్శబ్దంగా ఉండే గది కావాలంటే అక్కడి చర్చి వెనక గది ఇచ్చారు. మిషన్ బల్ల మీద పెట్టుకుని పని మొదలుపెట్టాను. మధ్యాహ్నం కావస్తుండగా ఒకావిడ తన తండ్రిని తీసుకొచ్చింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. ఆయనకు డెబ్బై ఐదు దాటి ఉంటాయి. తెల్లచొక్కా, మెడ దాకా గుండీలు. చాలా ఏళ్లు పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ ఊదాడట.

"మా నాయినకు ఏమీ ఇనవడదు మేడం," అందామె. ఆగి, గొంతు తగ్గించింది. "ఇనవడనిదేమో ఇనవడుతుందంటడు. పొద్దున లేస్తే గోదావరి అవతల ఎవరో ఊదుతున్నరంటడు. ఇంట్ల ప్రార్థన పెట్టించినం. పక్కింటోళ్లు పిల్లల్ని మా ఇంటికి పంపుతలేరు. గిట్లుంటే ఎట్ల మేడం?"

ఆయనను కూర్చోబెట్టి, చెవి దగ్గర అరిచి పద్ధతి చెప్పాను. తల ఊపాడు. పెద్ద కూతలకు కూడా లైటు వెలగలేదు. బాగా పెంచాక ఒకటి రెండుసార్లు వెలిగింది. కాగితం మీద గుర్తులు పెట్టుకుని, రెండో చెవికి మార్చడానికి మిషన్‌లో శబ్దం ఆపేశాను.

లైటు వెలిగింది.

పొరపాటున నొక్కాడనుకున్నాను. మళ్లీ వెలిగింది. వెంట వెంటనే మూడుసార్లు, కాస్త ఆగి ఒకసారి. హెడ్‌ఫోన్ల తీగ పీకేసి చేతిలో పట్టుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. లైటు వెలుగుతూనే ఉంది. కొంతసేపు వెలిగి పూర్తిగా ఆగింది. ఆగినంత సేపు ఆయన పెదవులు లోపలికి మడుచుకుని బిగుసుకున్నాయి. మళ్లీ మొదలైంది. ఎందుకో తెలియదు, ఫారం వెనక గీతలు గీయడం మొదలుపెట్టాను. వెలిగినప్పుడు గీత, ఆగినప్పుడు ఖాళీ. మూడు నాలుగు వరుసలు గీశాక అర్థమైంది. వెలుగు పడాల్సిన చోట కాక రవ్వంత వెనకగా పడుతోంది.

ఆయన కళ్లు తెరిచి బల్ల కిందికి చూశాడు. నా కాలు ఊగుతోంది.

"నీకు గూడ ఇనవడుతుందా బిడ్డా?" అన్నాడు.

కూతురు గోడకు ఆనుకుపోయింది. నేను కాలు ఆపేసి, లేదని తల ఊపాను. ఆయన నమ్మినట్టు లేడు.

ఆ సాయంత్రమే మా డాక్టరు ఆ కూతురికి విషయం చెప్పాడు. చెవులు బాగా మొద్దుబారినవాళ్లలో కొందరికి మెదడే ఖాళీని నింపుకుంటుందనీ, ఎప్పుడో విన్న సంగీతాన్ని అదే వాయించుకుంటుందనీ, ఇది దయ్యం కాదు, పిచ్చి అంతకన్నా కాదనీ అన్నాడు. చెవి మిషన్ పెడితే బయటి శబ్దాలు లోపలికి వచ్చి ఇది తగ్గవచ్చు అన్నాడు. ఆమె అంతా విని, "మరి మా నాయిన గట్ల ఒక్కొక్కపారి ఆగుడెందుకు సార్? మాట్లాడేటోని మాట ఇంటున్నట్టు?" అంది. రేపు పొద్దున ఇంటికి వస్తానని నేను చెప్పాను.

వాళ్ల ఇల్లు గట్టు మీద చివరిది. వెళ్లేసరికి ఆయన అరుగు మీద పాత పెట్టె తెరిచి క్లారినెట్ ముక్కలు బిగించుకుంటున్నాడు. పై పళ్లు నాలుగే మిగిలాయి. అవి ఆనించి ఊదితే అదురు దవడలో తెలుస్తుందని, చెవులతో పని లేదని అన్నాడు. ఎదురుగా నది ఉండాలి. తెల్లదనం తప్ప ఏమీ లేదు. అవతల ఎవరున్నారని అరిచి అడిగాను.

"నా జోడీ," అన్నాడు.

ఆ మనిషిది అవతలి ఒడ్డున ఊరు. సేద్యగాడు. ఇద్దరూ ఒకే బ్యాండులో ఊదేవాళ్లు. చలికాలం నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు తేలినప్పుడు అతను తెల్లవారే నడిమి తిన్నె మీదికి వచ్చేవాడట. ఇక్కడి నుంచి ఈయన కొంచెం ఊది ఆపితే, అక్కడి నుంచి అతను ఊదేవాడు. ముఖాలు కనపడేవి కావు. "ఏ పాట అని లేదు బిడ్డా. ఆడు ఏమంటే దానికి నేను జవాబు. గంటల కొద్దీ." ఆ జోడీ కామెర్లతో పోయి అప్పటికి మూడేళ్లు.

ఆయన ఊదడం మొదలుపెట్టాడు. గొంతు బొంగురుపోయినట్టు ఉంది స్వరం. కొంచెం ఊది, ఆపి, క్లారినెట్ ఒళ్లోకి దించి, మంచులోకి చూస్తూ తల ఊపాడు. మళ్లీ ఎత్తాడు. సంచీలోంచి నిన్నటి ఫారం తీసి తిరగేశాను. మొదటి వరుస కుదరలేదు. రెండో వరుస దగ్గర నా వేలు కాగితం మీద కదలడం ఆపలేకపోయాను. నిన్న లైటు ఆరిపోయిన ఖాళీలన్నీ ఇవాళ ఆయన ఊదుతున్న చోట్లు. నిన్న వెలిగిన చోట్లన్నీ ఇవాళ ఆయన ఆగుతున్న చోట్లు. అంటే నిన్న ఆయన బటన్ నొక్కింది తన వంతుకు కాదు. అవతలివాడి వంతుకు.

ఆ ఆగిన వేళల్లో నాకు ఏమీ వినపడలేదు. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నా వృత్తి అది. నీళ్ల చప్పుడు విన్నాను, దూరంగా మోటారు సైకిల్ విన్నాను. కానీ అరుగు కింద వాళ్ల కుక్క పడుకుని ఉంది. ఆయన ఊదినంతసేపు ఆయన వైపు చూసింది. ఆపగానే చెవులు నిక్కబొడుచుకుని నది వైపు తల తిప్పింది. మళ్లీ ఆయన వైపు. మళ్లీ నది వైపు. అలవాటుపడిన కుక్క అంతే అని నాకు నేను చెప్పుకున్నాను.

తిరిగి వచ్చాక చెవి మిషన్ పంపించాం. జనవరిలో ఆయన కూతురు ఫోన్ చేసింది. అది పెట్టుకుంటే కోళ్ల అరుపు, గిన్నెల చప్పుడు, మనవరాలి మాట అన్నీ వినపడుతున్నాయట.

"మరి ఆ ఊదుడు?"

"మిషన్ పెడితే బంద్ అయిందట మేడం. రెండు రోజులు సంబురంగ ఉన్నడు. మూడోనాడు అన్నం ముట్టలే. ఏందే నాయినా అంటే, 'ఆణ్ని మళ్లొకపారి బొందపెట్టినట్టుంది' అన్నడు. నేనే తీసి పక్కన పెట్టమన్న. ఇప్పుడు పొద్దున ఒక గంట తీస్తడు, తర్వాత పెట్టుకుంటడు."

"నీకు భయం పోయిందా?"

"పోలే. అలవాటైంది."

నేను ఇచ్చిన చికిత్స ఒక మనిషిని అంత కష్టపెట్టగలదని ఆ రోజు దాకా అనుకోలేదు. ఆ శనివారం బంగ్లా పెరట్లో శాక్సఫోన్ అతనూ డ్రమ్స్ అతనూ వంతులు వేసుకుంటుంటే ముందు వరుసలో కూర్చోలేకపోయాను. ఒకరు ఆగి, ఇంకొకరు అందుకునే ఆ రెప్పపాటులో వీపు మీద చలి పాకింది. లేచి గేటు దగ్గర నిలబడి విన్నాను. కాలు ఊగలేదు.

మరుసటి డిసెంబరులో శిబిరం అవతలి ఒడ్డున పడింది. ఆ ఊళ్లో జోడీ భార్య ఉందని తెలుసుకుని కబురు పెట్టాను. పరీక్షకని వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది, డెబ్బైకి దగ్గర. కూతలు వినిపించాను. చాలా చిన్న కూతలకు కూడా లైటు టక్కున వెలిగింది. ఆ వయసులో అంత మంచి చెవులు అరుదు. ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా నొక్కలేదు. కావాలనే చాలాసేపు శబ్దం ఆపి చూశాను.

హెడ్‌ఫోన్లు తీశాక, దుమ్ముగూడెం పెద్దాయన ఊదడం ఇక్కడిదాకా వినపడుతుందా అని అడిగాను.

"అవ్ బిడ్డా. పొద్దున మంచుల మంచిగ ఇనవడ్తది. తిన్నె కాడికి వోతే ఇంకా మంచిగ."

"మీరు వెళ్తారా?"

"రోజూ. చాయ్ తాగి పోత. ఇద్దరూ ఊదినంతసేపు కూసోని వస్త."

ఇద్దరూ అన్నారేమిటి అని అడిగాను. పొరపాటున అని ఉంటుందని, దిద్దుకుంటుందని ఎదురు చూశాను. ఆమె నన్ను కొంచెం జాలిగా చూసింది.

"ఆయన ఆగినంక మా ఆయన ఊదుతడు గద. మీ మిషన్‌ల అది ఇనవడదా?"

ఆమె చెవుల్లో నింపుకోవాల్సిన ఖాళీ ఏదీ లేదు. దిగులు మనిషికి లేనివెన్నో వినిపించేలా చేస్తుంది, అది నాకూ తెలుసు. కానీ ఆమె ముఖంలో దిగులు కోసం వెతికాను, దొరకలేదు. పొద్దున పాలు పోశాను, పశువులకు గడ్డి వేశాను అన్నట్టే చెప్పింది. పెన్ను తీసి ఫారం నింపాను. పేరు, ఊరు, వయసు. రెండు చెవులూ మామూలే. బాధ ఏమిటి అని ఒక గడి ఉంటుంది. అక్కడ పెన్ను ఆగింది.

"మీకు ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మా? ఏం రాయమంటారు?"

"నాకేం ఇబ్బంది బిడ్డా," అంటూ కొంగు సవరించుకుని లేచింది. "నువ్వు పిలిస్తివని వచ్చిన."

గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను. ఆమె బయటికి వెళ్లి, నది వైపు దారి పట్టింది.