బొచ్చు రాలిన పిల్లి

ఖానాపూర్ నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో మా పిల్లిని బుట్టలో పెట్టుకుని కూర్చున్నాను. దాని పొట్ట మీద, వెనక కాళ్ల మీద బొచ్చంతా పోయి ఎర్రటి చర్మం కనిపిస్తోంది. మా ఊరి పశువుల డాక్టరు మొదట పేలన్నాడు, తర్వాత తామరన్నాడు. మందులు వాడాను, తిండి మార్చాను. అది ఒళ్లు నాక్కోవడం మానలేదు.

పక్క సీట్లో కూర్చున్న నా ఈడు ఆవిడ బుట్టలోకి తొంగిచూసి, "ఏమైందక్కా గీ పిల్లికి?" అంది. చెప్పాను.

"ఎప్పుడు నాక్కుంటది?"

"మా ఆయన నా మీద గట్టిగ ఒర్రినప్పుడల్లా మంచం కిందికి పోతది. గక్కడ కూసొని నాక్కుంటనే ఉంటది," అన్నాను. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

ఆవిడ తల మీది కొంగు కొంచెం జరిపింది. చెవి పైన అరచేతంత మేర వెంట్రుకలు లేవు.

"తెల్వకుంటనే పీక్కునేదాన్ని. గిప్పుడిప్పుడే జర వస్తున్నయి."

"ఏం మందు వాడినవ్?"

"అత్తగారిల్లు ఇడిసి అవ్వగారింటికి వచ్చేసిన," అంది. జగిత్యాలలో దిగిపోయింది.

కరీంనగర్ డాక్టరు పరీక్షలు చేసి, చర్మంలో రోగమేమీ లేదని, భయంతో నాక్కుంటోందని చెప్పాడు. గొడవ లేని చోట ఉంచమన్నాడు. పిల్లిని అక్కడే ఉన్న మా అక్క ఇంట్లో వదిలి తిరిగొచ్చాను.

రెండు నెలలకు అక్క ఫోన్ చేసింది. "బొచ్చు మంచిగ వచ్చిందే. మరి నువ్వెప్పుడొస్తవ్?"

మా ఆయన పక్క గదిలోనే ఉన్నాడు.

"వస్త," అన్నాను మెల్లగా.