నాటకకర్త అని వేయలేకపోయాను

మా పై అంతస్తు అక్క పోయిందని వాళ్ళాయన ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. మైకు ఆపేసి విన్నాను. కోవిడ్‌తో రెండు వారాలు ఆసుపత్రిలో ఉంది. చూడటానికి ఎవరినీ రానివ్వలేదు. మళ్ళీ మైకు పెట్టి, నా వంతు వచ్చినప్పుడు నా పని సంగతి చెప్పాను. ఆ చలికాలానికి హాంబర్గ్‌లో అందరం అలాగే ఉన్నాం. ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

అక్కది తణుకు దగ్గర. ఓడరేవు సరుకులు చూసే కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏటా ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాదికి నాటకం రాసేది. మాది వరంగల్. మొదటిసారి వేషం వెయ్యమన్నప్పుడు, మీ భాష నాకు పలకదన్నాను. అక్క మా వంటింట్లో కూర్చుని, నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే టీ తాగుతూ వింది. వారం తిరక్కుండా నా మాటలే నాకు రాసి తెచ్చింది. అయినా రిహార్సల్లో ఒక డైలాగు దగ్గర నాలుగుసార్లు తడబడ్డాను. కాగితం తీసుకుని ఆ ముక్క కొట్టేసింది.

"నోరు తిరక్కపోతే తప్పు నీది కాదే, డైలాగుది" అంది.

రచయిత్రి అంటే ఊరుకునేది కానీ, తనకు నచ్చిన మాట నాటకకర్త. రాయడం సగం పనేననీ, మనుషుల్ని నిలబెట్టి, ఎవరు ఎప్పుడు మాట్లాడకూడదో చూడటం మిగతా సగమనీ చెప్పేది. ఓ ఏడాది కార్యక్రమం కరపత్రం నేనే టైపు చేశాను.

"నాటకకర్త అని వెయ్యవా?" అని మొహమాటపడుతూ అడిగింది.

కమిటీవాళ్ళు ఆడవాళ్ళని కర్త అనరన్నారు. పావుగంట స్కిట్‌కి అంత మాటెందుకన్నారు. వాదించలేక 'స్క్రిప్ట్ సహకారం' అని వేశాను. అక్క చూసి, అక్షరాలు బాగా వచ్చాయంది.

లాక్‌డౌన్‌లో హాలు లేదు. నాటకాన్ని జూమ్‌కి తగ్గట్టు మార్చి రాసింది. పగలంతా స్క్రీన్ ముందుండి, సాయంత్రం మళ్ళీ రిహార్సల్ అంటే నాకు ప్రాణం మీదికొచ్చేది.

"అక్కా, ఇగ నాతోని కాదు. కండ్లు పోతున్నయి" అన్నాను ఒకరోజు.

"సరే, నీ పాత్రని పక్కగదిలో పడుకోబెడతాను. వాళ్ళు నీ గురించి మాట్లాడుకుంటారు. నువ్వు నిద్రపో."

నిజంగానే అలా రాసింది. ప్రదర్శన రోజు కెమెరా ఆపుకుని మంచం మీద నుంచే చూశాను. పక్కగదిలో పడుకున్న అమ్మాయిని లేపొద్దని నలుగురూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అలిసిపోయిందని అంటున్నారు. అమ్మ దగ్గర్నుంచి వచ్చేశాక నా గురించి అలా అనుకున్నవాళ్ళు లేరు.

అక్క పోయిన రెండోరోజు అన్నం తీసుకుని పైకి వెళ్ళాను, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అంత్యక్రియల్లో అక్క గురించి మాట్లాడాల్సిన జర్మన్ ఆవిడ ఫోన్ స్పీకర్లో, ఆమె ఏం చేసేవారని అడుగుతోంది. అక్క భర్త సాఫ్ట్‌వేర్ అన్నాడు. పన్నెండేళ్ళ కూతురు పక్కనుంచి "డ్రామాటికెరిన్" అంది. నాటకాలు రాసే ఆడమనిషికి జర్మన్‌లో ఉన్న మాట. అవతలావిడ ఆ మాటే పలుకుతూ రాసుకుంది. ఫోన్ పెట్టేశాక ఆయన నావైపు తిరిగి, తెలుగులో ఏమంటారమ్మా, అంత్యక్రియల్లో పెట్టే పూలదండ రిబ్బన్ మీద రాయించాలి అన్నాడు. కాగితం మీద రాసిచ్చాను. ఈసారి ఎవరినీ అడగలేదు.

అంత్యక్రియల రోజు హాలు లోపలికి పదిమందినే రానిచ్చారు. దూరం దూరంగా కూర్చున్నాం, ఒకరి భుజం మీద ఒకరం చెయ్యి వేసుకోలేదు. బయటికొచ్చేసరికి గాలీ వానా. ఆ పిల్ల వాళ్ళమ్మ రెయిన్‌కోటు వేసుకుని, పొడుగైన కోటు చేతుల్ని రెండు మడతలు పైకి మడిచి, నాన్న పక్కన బస్‌స్టాపు వైపు నడిచి వెళ్ళింది.