సరిపోయిందని చెప్పాను

పోయినవేమిటో ముందు చెబుతాను. ఏ లెక్కనైనా అక్కడి నుంచే మొదలుపెట్టడం నాకు అలవాటు.

ఒక కుడి మోకాలు. అది ఇప్పుడు సగమే వంగుతుంది. గండిపేటలో, పెద్ద గేటున్న ఇళ్ల దగ్గర ఒక డ్రైవరు ఉద్యోగం. తుక్కు కింద పోయిన ఒక పాత జీపు. ఆ రోజు జీపులో ఉన్న గుమ్మడికాయలు, రెండు సంచుల క్యారెట్, కాళ్లు కట్టేసిన ఒక కోడిపుంజు. వాటిని కూడా వదిలిపెట్టను. ఎవరో కష్టపడి పండించి, పెంచి, చర్చికి ఇచ్చినవి అవి. చివరిది రాయడానికి చేయి ఆగుతోంది. తన చేతుల మీద ఒక మనిషికున్న నమ్మకం. దానికి కొలత లేదు కాబట్టి ఇన్నేళ్లూ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మిగిలినవన్నీ ఒక వైపు పెట్టినా తక్కెడ దాని వైపే మొగ్గుతుందని ఈ మధ్యనే ఒప్పుకున్నాను.

వీటిలో ఒక్కటి కూడా నేను పోగొట్టుకున్నది కాదు. అదే నా గుండె మీది బరువు.

మాది చేవెళ్ల. పదో తరగతి దాటలేదు. అయినా మా చుట్టుపక్కల రేకుల షెడ్డు వేసేవాళ్లు, ప్రహరీ కట్టేవాళ్లు, మట్టి తోలించేవాళ్లు నన్ను అడిగాకే పని మొదలుపెట్టేవారు. ఎన్ని ఇటుకలు కావాలి, ఇనుము ఎంత, పైకప్పు వాలు ఎంత ఉంటే వాన నిలవదు. నాకు ఎవరూ నేర్పలేదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక టేపు, జేబులో కొంచెం సుతిలి తాడు. మిగతాదంతా తలలోనే. నన్ను అడిగేవాళ్లు ఉండటమే నా ఆస్తి అనుకునేవాణ్ణి. దానికి వాటాదారు వస్తాడని ఎప్పుడూ అనుకోలేదు.

వచ్చినవాడు నా భార్య తమ్ముడు. అతని పేరు దానియేలు అనుకోండి. నా భార్య పేరు రూతు అనుకోండి. అతను మొయినాబాద్ దగ్గర ఎంకపల్లిలో ఉంటాడు, అప్పట్లో గండిపేటలో డ్రైవరుగా చేసేవాడు. నాకంటే చాలా చిన్న. టేపు వంకర పోకుండా పట్టుకోవడం అతనికి నేర్పింది నేనే. తర్వాత అతనికి ఫోను దొరికింది. అందులో వీడియోలు చూసి బోరు మోటారు స్టార్టరు బాగుచేశాడు. చర్చిలో మైకు గోల ఆపాడు. మెల్లగా మా వాళ్లు “దానియేలును అడుగుదాం” అనడం మొదలుపెట్టారు. నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వడం కష్టమేమీ కాలేదు, అప్పటికి.

కష్టమైంది ఈస్టరు భోజనాల ముందు. చర్చిలో ఎంతమందికి ఎంత బియ్యం పొయ్యాలన్నది పెళ్లయినప్పటి నుంచీ రూతు నన్నే అడిగేది. ఆ ఏడు నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుంటే, ఆమె ఫోను తీసి తమ్ముణ్ణి అడిగింది. అతను ఒక అంకె చెప్పాడు. అదే అంకె నా నోట్లో ఉంది. అతను తప్పు చెప్పి ఉంటే నాకు అంత మంట ఉండేది కాదు. సరిగ్గా చెప్పాడు. అన్నం చాలింది, మిగల్లేదు. ఆ రోజు నేను సగం విస్తరి వదిలేసి లేచాను.

ఇది ఇంత చిన్న విషయమా అని మీరు అడగవచ్చు. నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. అవును, ఇంత చిన్నదే.

ఆ తర్వాత అతను పాత జీపు కొన్నాడు. పొలాల నుంచి చర్చికి వెళ్లే దారిలో రాళ్లు దాని కడుపుకు తగిలేవి. ఆదివారాలు నగరం నుంచి వచ్చే కుర్రాళ్లు బండ్లను ఎత్తు చేసుకుని గుట్టలెక్కడం చూశాడు కదా, తన జీపును కూడా ఎత్తు చేస్తానన్నాడు. బండి బరువు మోసే పాత కమాను పట్టీలు తీసేసి, వంపు ఎక్కువున్న కొత్తవి వేయాలి. ఇంటి ముందరి వాకిట్లోనే. మెకానిక్కు లేకుండా.

తప్పు వెతకడానికే వెళ్లాను. సహాయానికి వచ్చానని చెప్పాను.

తప్పు దొరకలేదు. బోల్టులకు ముందు రోజే నూనె పట్టించి ఉంచాడు. వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాడు. జాకీని నమ్మకుండా చాసీ కింద ఇనుప స్టాండ్లు నిలబెట్టి, బండిని గట్టిగా ఊపి చూశాకే కిందికి దూరాడు. ఇరుసు జారిపడకుండా దాని కింద ఇంకో జాకీ. ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పాడు. పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే పాత యూ బోల్టులు మళ్లీ వాడలేదు, కొత్తవి తెచ్చి ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా బిగించాడు. కమాను కొసల బోల్టులు మాత్రం వదులుగా వదిలేశాడు. దొరికాడనుకున్నాను. “గివి బండి కింద నిలవడ్డంకనే బిగించాలె బావా, గాల్లుండంగ బిగిస్తే రబ్బరు మెలివడ్తది” అన్నాడు, నేను అడగకుండానే. ఒక్కొక్కటీ సరిగ్గా ఉన్నకొద్దీ నేను ఇంకా కిందికి వంగి వెతికాను.

చివరికి దొరికింది.

చాసీ నుంచి ముందు ఇరుసు మీదికి బ్రేకు నూనె తీసుకెళ్లే రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. బండి ఎత్తు పెరిగితే గొట్టం రెండు కొసల మధ్య దూరం కూడా పెరుగుతుంది. నేల మీద నిలబడి ఉన్నప్పుడు అది చాలినట్టే కనబడుతుంది. చక్రం గుంతలోకి దిగి వేలాడినప్పుడు చాలుతుందా అన్నది చూడాలి. దానియేలు నేల మీద నిలబెట్టే చూశాడు. ఆ ఒక్కటే అతను చేసిన పొరపాటు.

అతను చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నేను చాసీ కింద జాకీ పెట్టి ముందు భాగాన్ని మెల్లగా లేపాను. టైర్లు ఇంకా నేలను వదలకముందే గొట్టం బిగుసుకుపోయింది. వేలితో మీటి చూశాను. ఇంకెంత దిగితే చక్రం పూర్తిగా వేలాడుతుందో తలలో లెక్క కట్టుకున్నాను. ఆ పొడవుకు సుతిలి కొలిచి ముడి వేశాను. తర్వాత జాకీని దింపేశాను. సుతిలిని జేబులో పెట్టుకున్నాను.

నాతో పాటు వచ్చిన రూతు చాయ్ తెచ్చింది.

“ఏంది లెక్కల సారూ, గా కింద ఏం దేవులాడుతున్నవ్? మా తమ్ముడు అన్ని జూసుకుండు. నీ సుతిలి తాడుకు ఇగ పింఛను ఇయ్యాలె” అని నవ్వింది.

“అట్లనకే అక్కా. ఫోన్ల జెప్పెటోడు వాని బండి ముచ్చట జెప్తడు. మన బండి సంగతి బావకే ఎరుక” అన్నాడు దానియేలు. అప్పుడు నా వైపు తిరిగాడు. “బావా, నాకు గా బ్రేకు గొట్టం మీదనే జర అనుమానం. సరిపోతదంటవా?”

సరిగ్గా దాన్నే అడిగాడు.

“సరిపోయింది” అన్నాను.

“మంచిగ జూసినవా?”

“జూసిన. ఫికర్ జెయ్యకు.”

ఫికర్ చేయవద్దని చెప్పమని నన్నెవరూ అడగలేదు. అది నేను నా అంతట నేను కలిపింది. రూతు నవ్వకపోయి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? చాలాకాలం అలాగే నమ్మాను, ఆమె నవ్వు మీదికి నెట్టి. కానీ సుతిలి అప్పటికే నా జేబులో ఉంది. చాయ్ రాకముందే ఉంది. మరి నాకు ఏం కావాలి? బండి ఎక్కడో ఆగిపోవాలి. అతను నా దగ్గరికి వచ్చి “బావా, తప్పు యాడ?” అని అడగాలి. నేను జేబులోంచి ముడి తీసి చూపించాలి. నాకు కావలసింది అంతే. అయితే అది పాత జీపు, ఒక్క గొట్టం తెగితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. బ్రేకు పోయిన బండి ఆగదు. ఈ లెక్క నాకు తెలియదా?

తెలుసు. తెలుసు అనడానికి రుజువు ఉంది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ వచ్చిన ఆదివారం కోత పండుగ, దాని కోసం మేమిద్దరం ఎంకపల్లిలోనే ఉండిపోయాం. పొలంలో పండింది ఎవరికి తోచినంత వాళ్లు చర్చికి తెస్తే, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. దానియేలు పొద్దున్నే జీపు నిండా సరుకు వేశాడు. రూతు ముందు సీటు ఎక్కబోయింది. నేను గోడ వైపు తిరిగి నా చొక్కా గుండీ తెంపాను. “గుండీ ఊడింది. గిట్లనే చర్చికెట్ల వోవాలె? కుట్టి పోదువు రా” అన్నాను. ఆమె విసుక్కుంటూ దిగింది. “నువ్వు పో తమ్మీ, మేం నడ్సుకుంట వస్తం” అంది.

అతను చెయ్యూపి వెళ్లాడు. ఆమెను దింపిన నోటితో అతన్ని కూడా దిగమనవచ్చు. అనలేదు.

వాగు దగ్గరి దిగుడులో ముందు చక్రం కోసుకుపోయిన గాడిలోకి జారింది. గొట్టం తెగింది. కింద గంపలు ఎత్తుకుని చర్చికి నడుస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల మీదికి పోకుండా అతను బండిని తిప్పి కల్వర్టు రాతికట్టకు గుద్దించాడు.

దవాఖానలో మత్తు దిగాక అతను నాతో అన్న మాట ఇది: “గొట్టం తెగిందంట బావా. నువ్వు జూసినంక తక్కువ ఎట్లుంటది? బిగించేటప్పుడు నేనే యాడనో మెలిపెట్టిన. నా చెయ్యి మంచిది గాదు.” నేను అతని చేయి పట్టుకున్నాను. బయటి నుంచి చూసేవాళ్లకు అది ఓదార్పులా కనబడి ఉంటుంది.

తర్వాత అతను పానా ముట్టలేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా నాకు ఫోను చేస్తాడు. జనం మళ్లీ నా దగ్గరికే వస్తున్నారు. రూతు బియ్యం లెక్క మళ్లీ నన్నే అడుగుతోంది. ఆమె మళ్లీ మొదటిసారి అడిగిన రోజు నాకు సంతోషం కలిగింది. అది కూడా దాచను.

కానీ గుండీ నన్ను వదల్లేదు. మరుసటి ఏడు కోత పండుగనాడు రూతు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. తాను ఎక్కవలసిన బండి అదేనని, ప్రభువు తన పెనిమిటి చొక్కా గుండీ తెంపి తనను దింపాడని. చెబుతూ ఏడ్చింది. చర్చి మొత్తం “స్తోత్రం” అంది. నేనూ అన్నాను. అప్పటి నుంచి ప్రతి ఏడూ చెబుతోంది. పాస్టరుగారు ఒకసారి దాని మీదే వాక్యం చెప్పారు. ఒక్క మాటతో మొదలైన నా అబద్ధం ఇప్పుడు ఇంతమంది విశ్వాసంలో భాగమైంది. నేను నోరు విప్పితే తమ్ముడి కాలి సంగతి ఒక్కటే బయటపడదు. ఆమె దేవుడు ఆమెకు చేసిన మేలు కూడా పోతుంది. ఆ రోజు గుండీ తెంపింది ఎవరో ఆమెకు తెలుస్తుంది. తమ్ముణ్ణి మాత్రం పోనిచ్చింది ఎవరో కూడా తెలుస్తుంది. నేను భయపడేది ఆమె బాధ గురించా, నా గురించా? నా గురించే.

మొన్నటి పండుగకు దానియేలు వెనక వరుసలో, ఇంకో కుర్చీ మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. అక్క సాక్ష్యం అయ్యాక నా వైపు వంగాడు.

“కాలు వోతే వోయింది బావా. గని తప్పు యాడ జేసిననో గదే సమజ్ గాదు. గన్ని సార్లు మనసుల మళ్ల బిగించుకుంటి. నీకేమన్న లెక్క దొరికిందా?”

“లేదు” అన్నాను. రెండోసారి.

అతను నా దగ్గర సొమ్ము అడగలేదు, క్షమాపణ అడగలేదు. ఒక అంకె అడిగాడు. అది నా దగ్గర ఉంది. అతని ముఖం చూసి ఎప్పుడైనా చెప్పగలనో లేదో తెలియదు, చెబుతానని మీకు మాట ఇవ్వను. కానీ మీరు ఇంతవరకూ చదివారు. జేబులో ఉన్నదాన్ని ఒకసారి బయటికి తీసి, ఎవరి ముందైనా పెట్టి చూడాలనిపించింది. పెడుతున్నాను. చేతులు కొంచెం తేలికయ్యాయి, అంతే.

దానియేలూ, నువ్వు ఎక్కడా మెలిపెట్టలేదు. నీ బిగింపు సరిగ్గానే ఉంది. నీ చేయి మంచిదే. గొట్టం రెండున్నర అంగుళాలు తక్కువ.